అద్దాల్లో పట్టిన మోడం

సైకిల్ తొక్కేటప్పుడు పెట్టుకోవడానికి కళ్ళద్దాలు కొందామని ఈ రోజు అనంతపురం వెళ్ళాను. నేను రోజూ బుక్కరాయసముద్రం నుంచి ఎండలో పనికి పోయి, చీకట్లో తిరిగొస్తాను. నల్లద్దాలు పెట్టుకుంటే చీకట్లో గుంతలు కనిపించవు, తీసేస్తే కళ్ళ నిండా దుమ్ము. ఎండకు నల్లబడి, నీడలో తెల్లబడే రకం ఉందని షాపాయన ఒక జత తీశాడు.

సైకిల్ వెనక కూర్చుని నాతో వచ్చిన నాయన, వాటిని నాకంటే ముందే పెట్టుకుని వీధిలోకి నడిచాడు. తల పైకెత్తి అట్లాగే నిలబడిపోయాడు.

"ఏమి నాయనా?"

"మోడం పట్టినట్లుండాదిరా."

షాపాయన నవ్వాడు. "అది అద్దం నలుపు, పెద్దాయనా."

"నాకు తెల్దా ఏమప్పా? ఇంకొంచేపు చూడనీ."

నెల నుంచి మాకు మోడం కాదు గదా, చిన్న మబ్బు జాడ కూడా లేదు. చేలో వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ పట్టాల్సిన అదను ఇది, వాన లేకుంటే దిగవు.

అద్దాలు కొన్నాను. చీకటి పడి ఇల్లు చేరేసరికి అవి పూర్తిగా తెల్లబడ్డాయి. ఆకాశంలో ఒక్క చుక్క కూడా మబ్బు చాటున దాక్కోలేదు. దారిలో గుంతలన్నీ బాగానే కనిపించాయి, సంతోషం.

మీ పక్క నిజంగా మోడం పట్టి ఉంటే ఒక ముక్క రాయండి. నాయన ఇంకా మేలుకునే ఉన్నాడు, చదివి వినిపిస్తాను.