డాబా మీద పడుకోనన్న వేసవి

"మీ తమ్ముణ్ణి ఫరిష్తా తీసుకెళ్లాడు బేటా. అంత ముద్దుగా ఉంటే ఆకాశంలోంచి చూసి ఎంచుకున్నాడు" అని అమ్మను ఓదార్చడానికొచ్చిన పక్క క్వార్టర్ ఆంటీ అన్న క్షణాన నాకు మొదటిసారి భయం వేసింది. ఫరిష్తా అంటే దేవదూత అని అప్పటికే తెలుసు. ఇంట్లో చెల్లి కూడా ఉంది. అదీ ముద్దుగానే ఉండేది.

ఢిల్లీ వేసవిలో అందరం డాబా మీదే మంచాలు వేసుకునేవాళ్లం. ఆ సాయంత్రం అమ్మ కాలిన సిమెంటు మీద నీళ్లు చల్లుతుంటే, నేను చెల్లిని కింద గదిలోకి లాక్కెళ్లి గడియ పెట్టాను.

"తలుపు తియ్యవే, ఉడికిపోతారు" అంది అమ్మ.

"పైన పడుకుంటే ఫరిష్తాకి చెల్లి కనబడుతుంది."

అమ్మ తలుపు అవతలే కూర్చుంది. "తమ్ముడు జ్వరంతో పోయాడమ్మా. ఎవరూ ఎత్తుకెళ్లలేదు. ఆ కథ ఆంటీ నా కోసం చెప్పింది. నాకది కావాలి. నీకక్కర్లేదు" అంది. గడియ తీశాను.

నిన్న మా డాబా మీద నీళ్లు చల్లితే ఆనాటి తడిసిన సిమెంటు వాసనే వచ్చింది. మా అత్తగారు పోయినప్పటినుంచి, నానమ్మను ఎవరు తీసుకెళ్లారని పిల్లలు అడుగుతూనే ఉన్నారు. రాత్రి చాలాసేపు ఆలోచించి, ఇవాళ పొద్దున చెప్పాను: "నానమ్మ గుండెజబ్బుతో పోయింది. ఎవరూ తీసుకెళ్లలేదు, మీకోసం ఎవరూ రారు. దేవదూతల కథ కావాలంటే చెబుతాను. భయమేస్తే మధ్యలో ఆపేద్దాం."