నడుమ కూర్చున్న రెండు ఎండాకాలాలు

మొన్న బోధన్ బస్టాండు ఎదుటి బండి దగ్గర గులాబీ షర్బత్ తీసుకున్నాను. అడుగున ఎర్రటి పాకం, పైన పాలు. గ్లాసు వంచితే రెండింటి నడుమ గీత మెల్లగా ఊగింది. సుగుణ మేడం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. నన్ను చూసి బండి అతను అనుమానంగా మీసం తడుముకున్నాడు.

సుగుణ మేడం మాకు డిగ్రీలో ఫిజిక్స్ చెప్పేవారు. చెరకు తోటల అవతలి చిన్న చెరువంటే ఆమెకు పిచ్చి. ఎండాకాలం పై నీళ్లు వేడెక్కి తేలికవుతాయి, అడుగు నీళ్లు చల్లగా, బరువుగా ఉండిపోతాయి. పగలంతా గాలి వీస్తే వేడి నీళ్లు ఒక ఒడ్డుకు చేరి కింది చల్లటి నీళ్లను అణుస్తాయి, అవి అవతలి ఒడ్డు దగ్గర లేస్తాయి. గాలి ఆగాక రెండూ లోలోపలే ఊగుతాయి, పైన ముడతైనా కనబడదు. ఆ ఊగుడును ఒక్కసారైనా పట్టుకోవాలన్నది ఆమె కోరిక. తెప్ప మీద కూర్చుని, వైరు చివర నీళ్లలో వేలాడే థర్మామీటర్ పైన డబ్బాలో చూపే అంకెలు చదవడం నా పని. రెండు ఎండాకాలాలు తిరిగాం. అంకె కదిలితే ఒట్టు.

మూడో ఎండాకాలం ఆమెకు బదిలీ అయింది. సోమవారమే ప్రయాణం. నా దిగులు చూసి ఇదే బండి దగ్గర షర్బత్ ఇప్పించారు. తన గ్లాసును అటూ ఇటూ వంచుతూ ఉన్నట్టుండి ఆగిపోయారు.

"రజితా, చూడు. అంచుల కాడ గీత లేస్తుంది, దిగుతుంది. నడుమ?"

"నడుమ ఉన్న కాడనే ఉంది మేడం."

"మరి రెండేండ్లు మనం యాడ కూసున్నం?"

"నడుమనే."

ఆమె అంతమందిలో పొట్ట పట్టుకుని నవ్వారు. "లోతెక్కువుందని పోయి, అస్సలు కదలని జాగలనే కూసున్న. నాకు ఫిజిక్స్ నౌకరి ఎవరిచ్చిన్రో."

నాకు నవ్వు రాలేదు. మా అమ్మ బీడీలు చుట్టేది. ఒక్క ఆకు తప్పు కత్తిరించినా నాకు తిట్లు తప్పేవి కావు. ఇంత తప్పును ఇంత ఖుషీగా ఒప్పుకునే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

శనివారమంతా గాలి. ఆదివారం పొద్దున ఆకు కదలలేదు. తెప్ప నడిపే సాయన్న అలవాటుగా నడుమకు తిప్పాడు.

"కట్ట దిక్కు పోనియ్యి సాయన్నా."

"కట్ట కాడ ఏముంటది మేడం, తాబేళ్లు తప్ప."

అక్కడ వైరు దించాం. అంకె మెల్లగా దిగింది. ఇంకా దిగింది. చాలాసేపటికి ఆగి, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. నేను ఒక్కో అంకె గట్టిగా చదివాను. "మళ్ల చదువు" అంటూ మేడం అదే అంకెను పదే పదే చదివించుకున్నారు. ఒకపక్క నవ్వు, ఒకపక్క కన్నీళ్లు. నాకూ ఆనందం పట్టలేదు. సాయన్న కూడా వైరు ఒకసారి తన చేతికిమ్మన్నాడు.

మధ్యాహ్నానికి ఊగుడు తగ్గుతూ తగ్గుతూ అంకె నిలబడిపోయింది.

"అయిపాయె మేడం" అన్నాను దిగులుగా.

"అవతలి ఒడ్డు ఏటవాలుంది గద. లోపలి అల ఆడికి పోయినప్పుడల్లా బురదకు రాసుకుని కొంచెం కొంచెం విరిగిపోతది. విరిగిన కాడ చల్లని నీళ్లు, వెచ్చని నీళ్లు కలుస్తయి. దాని జోరంత గట్ల ఖర్చయింది" అన్నారామె, తీరిగ్గా పల్లీలు నములుతూ. మరునాడు ఆమె బస్సెక్కారు.

ఇప్పుడు నేనూ పంతులమ్మనే. పోయిన వారం బోర్డు మీద లెక్క తప్పు చేశాను. ముందు బెంచీ పిల్ల ఒకతి చెయ్యి సగం ఎత్తి దించేసుకుంది. ఆ భయం నాకు తెలుసు.

"ఏం బిడ్డా, తప్పు జేసిన్నా?"

తలూపింది. వచ్చి చూపించమన్నాను. బెదురుతూనే వేలు పెట్టి చూపించింది. నేను పొట్ట పట్టుకుని క్లాసంతా వినబడేలా నవ్వాను. ఆ పిల్ల ముందు బిత్తరపోయింది, తర్వాత నాకంటే గట్టిగా నవ్వింది.