ఇగ మీరు చెప్పండి

మా ఫిలాసఫీ మేడం సిలబస్‌లో లేని స్త్రీ తత్వవేత్తల గురించి చెప్పేవారు. ఇంటిపని, ఆస్తి, పెళ్లి మీద వాళ్ల వాదనలన్నీ వినిపించి, చేతుల సుద్దపొడి దులుపుకుని, "ఇగ మీరు చెప్పండి" అనేవారు.

"పరీక్షల వస్తదా మేడం?" అంటే, "ఇంట్ల వస్తది" అని నవ్వేవారు.

మొన్న టేకులపల్లిలో ఆమె ఇంటికి వెళ్లాను. పక్షవాతంతో మాట పడిపోయింది. మంచం పక్కనే నిలబడి, ఆ ఇల్లు అమ్మేసి ఆమెను వృద్ధాశ్రమంలో చేర్చాలని తమ్ముళ్లు తేల్చేస్తున్నారు.

"మేడంని అడిగిండ్రా?" అన్నాను.

"మాటే రాదు, ఏందమ్మా అడిగేది?" అన్నాడు పెద్దతమ్ముడు.

మేడం నన్నే చూస్తూ, మంచి చేత్తో పడిపోయిన చేతిని మెల్లగా దులిపారు. ఆ చేతికి సుద్దపొడి లేదు.

తమ్ముళ్లు నా వైపు తిరిగారు. నాకూ మాట రాలేదు.