సోమక్క పెట్టిన పథ్యం

ఓర్వకల్లు సోమక్కకు దేవుణ్ణి తప్ప ఎవరినీ నమ్మే అలవాటు లేదు. ఆ దేవుడి దగ్గర కూడా కొట్టించిన కొబ్బరికాయలో తన చిప్ప తన చేతికి వచ్చేదాకా కదిలేది కాదు. అలాంటి మనిషి, కర్నూలు రాజధాని అయిన ఏడాది, ఒళ్ళంతా నీరు పట్టిన మొగుడు శివన్నను ఎద్దులబండిలో తెచ్చి ఆసుపత్రిలో చేర్చింది.

మూత్రపిండాలు చెడిపోయాయని, నెత్తుట్లో యూరియా అనే మలినం పేరుకుపోయిందని డాక్టరు చెప్పాడు. పప్పు, మాంసం ముట్టకుండా గంజి పోయమన్నాడు. సోమక్క తల ఊపింది గాని ఒక్క ముక్క నమ్మలేదు. ఆమె కళ్ళన్నీ నర్సు వరమ్మ చేతిలోని సూది మీదే. వారం వారం వచ్చి శివన్న చేతి నుంచి నెత్తురు లాక్కుపోయేది. పరీక్షకట! పరీక్షకైతే ఒకసారి చాలదా? బండలు కొట్టే మనిషి నెత్తురు చిక్కన కదా, ఏ డబ్బున్నోడికో ఎక్కిస్తున్నారని తేల్చేసుకుంది.

పోయిన నెత్తురు మళ్ళీ పట్టాలంటే నెత్తురే పెట్టాలి. వాళ్ళ ఊళ్ళో బాలింతకైనా, బండ పడి దెబ్బ తగిలినవాడికైనా అదే మందు. కటికంగడి నుంచి మేకనెత్తురు తెచ్చి, ఆసుపత్రి వెనక మూడు రాళ్ళు పెట్టి, ఉల్లిగడ్డ, కారం వేసి వేయించేది. కొంగుచాటున తెచ్చి మొగుడికి తినిపించేది. పిచ్చి ప్రేమ, ఇంకేమనాలి? యూరియా పెరిగేది. డాక్టరు అనుమానపడి మళ్ళీ నెత్తురు తీయించేవాడు. సోమక్క ఇంకో గరిటె ఎక్కువ పెట్టేది.

చివరికి ఒకనాడు శివన్న తిన్నదంతా కక్కి, పెళ్ళాన్నే ఎవరమ్మా నువ్వని అడిగాడు. కక్కింది తుడవబోయిన వరమ్మ, ఏం పెట్టావని నిలదీసింది.

"మీరు నెత్తురు తీసుకపోతాండారు, నేను నెత్తురు పెడతాండా. నా మొగుణ్ణి ఊరికే సావనీయాల్నా?"

వరమ్మ అరవలేదు. మాంసమైనా నెత్తురైనా తిన్నాక ఒంట్లో మిగిలే మలినాన్ని బయటికి తోసేది మూత్రపిండాలేనని, ఈయనకు అవి పని మానేశాయని నెమ్మదిగా చెప్పింది.

"అక్కా, మేము తీసేది ఆ యిసం ఎంతుండాదో సూసేదానికే. అది పెంచింది నువ్వు."

ఆ వారమంతా సోమక్క గంజి తప్ప ఇంకేమీ పోయలేదు. శివన్న ఒకపూట ఆమెను గుర్తుపట్టేవాడు, ఒకపూట లేదు. వరమ్మ మళ్ళీ సూదితో వచ్చినప్పుడు, ఎప్పుడూ మొగుడి చేతిని దుప్పటి కింద దాచే సోమక్క తనే ఆ చెయ్యి చాపి పట్టుకుంది.

"తీయమ్మా. ఈ వారం గంజే పోసినా. తగ్గకపోయినా నాకు నిజమే చెప్పు."