బాపు చేతి మాటలు

మా బాపు దశరథం పదహారేళ్లకు సూరత్ వచ్చి, లింబాయత్‌లోని మరమగ్గాల మధ్య నలభై ఏళ్లు నిలబడ్డాడు. ఆ మోతలో ఎంత అరిచినా వినబడదు. అందుకే అక్కడ చేతులతో మాట్లాడుకుంటారు, పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. బొటనవేలు నోటికి ఆనిస్తే నీళ్లు. అరచేయి బోర్లిస్తే కరెంటు పోయింది. రెండు చేతుల వేళ్లు కలిపి చటుక్కున విడదీస్తే దారం తెగింది.

చెవులు దాదాపు పోయాక పని మానేశాడు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో తనకే తెలియక ఒకసారి అన్నం అడిగితే, కొట్లాట అనుకుని గల్లీ అంతా తొంగిచూసి నవ్వింది. ఆ రోజు నుంచి ఇంట్లోనూ చేతులే.

అన్న, ఊర్మిళ వదిన పొద్దున్నే పనికి పోతారు. నేను ఇంట్లోనే చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తాను. అన్నావదినల బిడ్డ చాందిని రోజంతా బాపు దగ్గరే. మాటలు నేర్చే వయసు, మాటలు మానుకున్న వయసు మా గడప మీద పక్కపక్కనే కూర్చునేవి.

రెండున్నరేళ్లు నిండినా చాందిని ఒక్క మాట అనలేదు. డాక్టర్ చెవులు చూసి బాగానే ఉన్నాయన్నాడు, పిల్లతో బాగా మాట్లాడమన్నాడు. వదిన ఇంటికి వస్తూనే పిల్ల బట్టలు సంచిలో సర్దింది, ఉన్ బస్తీలోని తల్లిగారింట్లో వదిలి రావడానికి.

"మీ బాపు తాన ఉంటే నా బిడ్డ మూగదైతది," అన్నది నాతో, మెల్లగా.

మెల్లగా అని ఏం లాభం, బాపు ఆమె పెదవులు చూశాడు. లేచి పోయి గడప మీద కూర్చున్నాడు.

వదిన పిల్లను ఎత్తుకుంది. చాందిని ఆమె మెడ వైపు చూసి, వేళ్లు కలిపి విడదీసింది. మళ్లీ విడదీసింది. నాకు నోరు తొందరగా పెగలదు. అయినా చెప్పాను.

"దారం తెగింది అంటున్నది, వదినా."

వదిన తడుముకుంది. నల్లపూసల దారం ఒక్క పోగు మీద నిలిచి ఉంది.

"అంటే ఇన్ని దినాలు మాట్లాడుతనే ఉన్నదా?"

సంచి అక్కడే వదిలి, బాపు ఎదురుగా పోయి కూర్చుంది. "మామా, పది రోజులు చూస్త. జర నోటితోని మాట్లాడుండ్రి. గల్లీ నవ్వితే నవ్వనీ."

తెల్లారి బాపు చాందినికి చెంబు చూపించి గట్టిగా "నీళ్లు" అన్నాడు. ఎదురింటి గోపాల్ తలుపు తీసుకుని వచ్చాడు.

"ఏంది దశరథమన్నా, పొద్దుపొద్దున్నే ఎవల మీద లొల్లి?"

బాపు అతని పెదవులు చూసి తల దించుకున్నాడు. చాందిని బొటనవేలు నోటికి ఆనించింది. బాపు ఆ వేలిని మెల్లగా పక్కకు తీసి, మళ్లీ "నీళ్లు" అన్నాడు, అంతే గట్టిగా.

తొమ్మిదో రోజు వదిన పనికి బయల్దేరుతుంటే, గల్లీ అదిరేలా "నీల్లు" అని వినబడింది. గోపాల్ మళ్లీ తలుపు తీశాడు. ఈసారి అరిచింది బాపు కాదు.