పాచికి పసుపు

వార్త మొదట తెచ్చింది మా ఆయనే. చిలకలూరిపేటలో పత్తి దించి వస్తూ గుమ్మంలోనే అందుకున్నారు. "మీ అన్నయ్య కూతురు జిన్నింగు మిల్లు పక్క గుంటలో దిగి పాచి ఏరుకుంటోందే! అంత చదువు చదివించింది ఇందుకా?"

కొన్నాళ్లకు ఆ మేనకోడలే ఒక గాజు తొట్టితో మా ఇంటికొచ్చింది. నీళ్లమీద పెసరబద్దంత ఆకులు. రెండు మూడు రోజుల్లోనే రెట్టింపవుతాయట. అంత తొందరగా ఎలా పెరుగుతాయో, పప్పులో ఉన్నట్టు ప్రొటీన్లు వాటిలో ఎలా తయారవుతాయో కనిపెట్టడమే ఆమె పరిశోధన. అందుకోసం ఆ మొక్క జీనోమ్ మొత్తం చదువుతోందట.

"పాచిని చదవడమేంటే?"

"దాని లోపల రాసి ఉంటుంది అత్తా. నాలుగే అక్షరాలు."

బడి మొహం చూడకపోయినా, మా నాన్నగారి దగ్గర ఇంట్లోనే యాభై ఆరూ దిద్దుకున్నదాన్ని. నాలుగక్షరాలకు యూనివర్సిటీ ఎందుకో అనుకుని కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ తొట్టిలోదంతా ఒకే ఒక్క ఆకు నుంచి పెంచిన సంతానం. ల్యాబులో ఉన్నవాటికేమైనా అయితే అక్కరకొస్తుందని మా వసారాలో పెట్టింది. "వారానికోసారి సగం తీసి పారెయ్. నీళ్లలో మాత్రం ఏమీ వెయ్యకు అత్తా."

పారేయడానికి చేతులు రాలేదు. అడక్కుండా భగవంతుడు ఇచ్చిన పచ్చదనమాయె. పక్కింటి వదినగారి కోళ్లకు గిన్నెతో ఇచ్చేదాన్ని. నీళ్లలోనూ ఏమీ వేయలేదు, పసుపు తప్ప. ఇంటికి కొత్తగా ఏది వచ్చినా, ఫ్రిజ్జయినా మోటారయినా, పసుపు తగలందే నా మనసు కుదుటపడదు. పసుపు వేయడం నా లెక్కలో వేయడం కాదు. ఓ శుక్రవారం చిటికెడుతో మొదలుపెట్టి, పురుగు కూడా పట్టదని రోజూ స్నానం చేయించాను. ఆకులు తెల్లబడుతుంటే దిష్టి తగిలిందని ఇంకో చిటికెడు.

అంతలో ఫోను. ల్యాబులో ఏసీ ఆగిపోయి అక్కడివన్నీ చచ్చిపోయాయట. గుంటను ప్లాట్ల కోసం మట్టితో పూడ్చేశారట. "నీ తొట్టే దిక్కు అత్తా. అది కూడా లేకపోతే నా పనంతా మళ్లీ మొదటికొస్తుంది."

ఉన్నదున్నట్టు చెప్పేశాను. మర్నాడు బస్సు దిగి వచ్చి, తొట్టిలోకి తొంగి చూసి, "పులిహోర బాగా కలిపావు అత్తా" అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఒక్క ఆకూ పచ్చగా లేదు.

గోడ అవతల నుంచి వదినగారు కేకేసింది. "ఏంటమ్మా, పిల్లేడుస్తోంది?" సంగతి విని, "ఓస్, అదా! మా కోళ్ల గోలెంలో బోలెడుంది. కడుగుదాం కడుగుదాం అనుకుంటానే ఉన్నా, మోకాళ్లు వంగితేగా!" అంది.

రెండుపూటలా వసారా కడిగే నేను ఆ గోలేన్ని చూసి ఎన్నిసార్లు మూతి విరిచానో స్వామికే తెలుసు.

మా పిల్ల అందులోంచి ఆకులు ఏరి, శుభ్రం చేసుకుని, మళ్లీ ఒక్కదాని నుంచి పెంచింది. అది తన మొక్కేనా, వేరే పాచా అన్నది జీనోమ్ చదివితేగాని తేలదంది. అన్నాళ్లూ "అక్షరాలు కలిసేట్టు చూడు స్వామీ" అని దండాలు పెట్టాను. ఎప్పుడో రాసేసి ఉన్నదాన్ని దిద్దమంటున్నానన్న తెలివి నాకెక్కడిది! మా ఆయన మాత్రం, "ముందు నీ పసుపు డబ్బా దాచెయ్యమని అడుగు స్వామిని" అన్నారు.

నిన్న ఫోన్ చేసింది. అదే మొక్కట. పని మళ్లీ సాగుతోందట. గొంతులో ఆ సంతోషం విని దేవుడి ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

వదినగారికి వచ్చే వారం గుంటూరులో మోకాలి ఆపరేషన్. ఇది చదివినవారు దీపం పెట్టుకునేటప్పుడు ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి. పేరు చెప్పనక్కర్లేదు. కోళ్లావిడ అంటే చాలు, స్వామికి తెలుస్తుంది.