అద్దాలాయన వాక్కాయలు

"పోయినసారీ ఇదే మాట! ఇంకో వేలు గుచ్చి చూడు తల్లీ, ఈ వేల్లో పల్చగా ఉందేమో."

"వేలికో రకం రక్తముంటుందా బాబాయ్? పదింటికీ ఒకటే ట్యాంకు!"

బ్లడ్ బ్యాంకు గదిలోంచి నర్సమ్మ గొంతు వరండా దాకా వినిపిస్తోంది. బెంచీ మీదున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. లోపల అద్దాలాయన మాత్రం నవ్వలేదు. కిటికీలకీ షోకేసులకీ గాజు కోసి బిగించే మనిషి ఆయన. వజ్రపు మొనతో గీత గీసి కిందనుంచి తట్టాడంటే, పలక ఆ గీత వెంట విరగాల్సిందే. ఆ చేతికి వణుకంటే తెలీదు. ఇప్పుడు ఆ చేతి వేళ్ళే ఒక్కొక్కటీ నర్సమ్మ ముందు చాపుతున్నాడు.

ఆయనది అరుదైన గ్రూపు. భార్య పోయాక ఆయన ఫోను మోగేది రెండు పనులకే. ఎవరి కిటికీ అయినా పగలాలి, లేదా ఎవరికైనా రక్తం కావాలి. అక్క ఉంది గానీ ఆవిడకి చెవుడు. తనే ఫోను చేసి, తనే మాట్లాడి, తనే పెట్టేస్తుంది. రక్తం కోసం పిలుపొచ్చిన రోజు అద్దాలాయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్ళికి బయల్దేరినట్టు బయల్దేరేవాడు. మీరే రావాలి అని అడిగేవాళ్ళు ఇంకెవరున్నారు గనక?

పోయినసారి రక్తం తక్కువుందని తిప్పి పంపేశారు. వాక్కాయలో ఇనుముంటుందని గాజుపలకలు దింపే లారీ డ్రైవరు చెప్పాడు. అంతే, కొట్టు వెనక కంచెలా పెరిగిన వాక్కాయ పొద మీద పడ్డాడు. ముళ్ళు గీరుకున్నా లెక్కచెయ్యకుండా ఎర్రబారిన కాయలు దోసెడు కోయడం, జిగురు పాలు కడగడం, కళ్ళు మూసుకుని నమిలెయ్యడం. ఆ సంగతంతా ఇప్పుడు నర్సమ్మకి చెప్పాడు.

"ఉందిలే, కాదనను," అంది నర్సమ్మ. "కాస్త ఇనుముంటుంది. పుల్లటి కాయ కదా, సి విటమినూ ఉంటుంది. మనం తిన్న తిండిలోని ఇనుము ఒంటికి పట్టడానికి అది సాయం చేస్తుంది. పీచూ మంచిదే. కానీ కాయ కాయే, మందు మందే. ఇంతకీ తిన్నాక ఏం చేస్తున్నావ్?"

"పళ్ళు పులిసి చస్తాను కదమ్మా. గ్లాసుడు టీ తాగుతా, చిక్కగా."

నర్సమ్మ నెత్తి కొట్టుకుంది. "బాగుంది సంబడం! ఆ ఇనుముకి అడ్డం పడేదే టీ. ఓ చేత్తో పోసుకుని ఇంకో చేత్తో ఒంపేసుకుంటున్నావు."

"మానేస్తా. ఈ క్షణం నుంచే మానేస్తా. వచ్చే వారం రానా?"

"టీ మానేస్తే తేలిపోయేది కాదు బాబాయ్. నీ వయసులో రక్తం ఊరికే తగ్గదు. డాక్టరుకి చూపించుకో. ఆయన సరేననే దాకా నీ దగ్గర చుక్క తీసుకోను."

బయట బల్ల దగ్గర దాతలకి ఫోన్లు చేసే కుర్రాడున్నాడు. కాలేజీ సగంలో వదిలేసి ఇక్కడ చేరాడు, మాటకి మెత్తదనం అంటని రకం.

"మీ నంబరు పక్కన పెట్టమన్నారు బాబాయ్. ఇక ఫోను రాదు."

అద్దాలాయన వేలి మీది దూది నొక్కుకుంటూ అక్కడే నిలబడ్డాడు. వెనకాలవాళ్ళు జరగమన్నా జరగలేదు.

"డాక్టరు దగ్గరికి వెళ్తాలే. ఎప్పటికి బాగవుతుందో, అసలు అవుతుందో లేదో. అందాకా ఒక్క పని చేసిపెట్టు నాయనా. నా గ్రూపు వాళ్ళకి ఫోన్లు చేస్తావు చూడు, అప్పుడు నాకూ చెయ్యి. నువ్వు రానక్కర్లేదు అని చెప్పు, చాలు."